సింకుకి డాబా దాకా వెంట్ పైపు వేయలేకపోతే: ఏ ఇంటికి ఏ దారి

వంటింట్లో సింకుని ఒక గోడ నుంచి ఇంకో గోడకి మారుస్తారు, లేదా హాల్లో కొత్తగా వాష్ బేసిన్ పెట్టిస్తారు. నీళ్ళు పోవడానికి దారి ఎలాగో ఒకలా దొరుకుతుంది. డ్రైనేజీ పైపులోకి గాలి ఆడేలా డాబా పైకి తీసే వెంట్ పైపుకి మాత్రం దారి దొరకదు. పై అంతస్తు వేరేవాళ్ళది అయి ఉంటుంది, లేదా స్లాబుకి చిల్లు పెడితే వానాకాలంలో కారుతుందని భయం. ఆ భయం న్యాయమైనదే. కోర్ కటింగ్ చేసిన చోట పైపు చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ సరిగా కుదరకపోతే మొదటి పెద్ద వానకే సీలింగ్ మీద చెమ్మ దిగుతుంది. కొత్త పైపు డాబా ఎక్కించకుండానే పని జరిగే దారులు ఉన్నాయి. అయితే వాటిలో ఏదీ అన్ని ఇళ్ళకీ సరిపోదు. మీ పైపులో గాలి లోపలికి లాగుతోందా, బయటికి తోస్తోందా అన్నదాన్ని బట్టే ఎంపిక ఉంటుంది.

లాగడం వేరు, తోయడం వేరు

సింకు కింద బిగించే, నీళ్ళు నిలిచే భాగాన్ని ట్రాప్ అంటారు. అందులో సుమారు 50 మి.మీ. లోతు నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. డ్రైనేజీ వాసననీ, బొద్దింకలనీ ఆపేది ఆ నీళ్ళే. నిండుగా ఉన్న సింకు ప్లగ్ తీస్తే నీళ్ళు పైపు నిండా దూసుకుపోతాయి. వాటి వెనక ఖాళీ ఏర్పడి ట్రాప్‌లో నీళ్ళని కూడా లాక్కుపోతుంది. చివర్లో వినిపించే గుడగుడ అదే. పై అంతస్తు నీళ్ళు మీ సింకు కలిసే నిలువు పైపులోనే పడుతున్నప్పుడూ మీ ట్రాప్‌ని ఇలాగే లాగగలవు. ఈ రెండూ లాగుడు సమస్యలు. లోపలికి గాలి వెళ్ళే దారి ఇస్తే తీరిపోతాయి.

తోపుడు వేరే రకం. నాలుగైదు అంతస్తుల నుంచి పడిన నీళ్ళు కింద మలుపు దగ్గర ఆగినట్టవుతాయి, అక్కడి గాలి నొక్కుకుని పక్క పైపుల్లోకి ఎగదన్నుతుంది. కింది అంతస్తు సింకులో బుడగలు రావడం, పైవాళ్ళు బట్టలు ఉతికినప్పుడు సబ్బు నురగ పైకి తేలడం దీని గుర్తులు. ఇక్కడ గాలి బయటికి పోవాలి. లోపలికి మాత్రమే గాలి వదిలే వాల్వు ఎంత ఖరీదైనది పెట్టినా ఉపయోగం ఉండదు.

వాష్ బేసిన్‌కి వంటింటి సింకు కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. సింకు అడుగు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి చివరి నీళ్ళు మెల్లగా జారి ట్రాప్‌ని మళ్ళీ నింపుతాయి. గుండ్రటి బేసిన్‌లో నీళ్ళు ఒక్కసారిగా అయిపోతాయి, నింపడానికి ఏమీ మిగలవు.

కొనేముందు ఒక పరీక్ష

ట్రాప్‌లో జిడ్డు పేరుకున్నా గుడగుడ వస్తుంది, కాబట్టి ముందు విప్పి కడగండి. బిగించాక అర లీటరు నీళ్ళు మగ్గుతో మెల్లగా పోయండి. కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ అడుగు గిన్నెని విప్పి, దిగిన నీళ్ళని కొలగ్లాసులో కొలవండి. అది నిండు కొలత. మళ్ళీ బిగించి, సింకుని అంచు దాకా నింపి ప్లగ్ లాగేయండి. శబ్దం ఆగాక గిన్నె విప్పి మళ్ళీ కొలవండి. రెండో కొలత మొదటిదానిలో సగానికి తగ్గితే మీ పైపు తన ట్రాప్‌ని తానే లాగేసుకుంటోంది. రెండూ దాదాపు సమానంగా వచ్చి, అయినా మర్నాటికి వాసన వస్తుంటే, పైవాళ్ళు నీళ్ళు వాడే ఉదయం వేళ దాటాక మూడోసారి కొలవండి. అప్పుడు తగ్గితే తప్పు నిలువు పైపుది.

మూడు కొలతలూ బాగానే ఉంటే వెంట్‌తో పనిలేదు. ముడతల పైపు నేలలోకి దిగే చోట చుట్టూ ఉన్న సందు నుంచి వాసన వస్తూ ఉండొచ్చు. దానికి రబ్బరు బుష్ చాలు. ఈ చిన్న సందుని చూడకుండా టైల్స్ పగలగొట్టించిన ఇళ్ళు తక్కువేమీ కాదు.

బయట గల్లీ ట్రాప్ ఉన్న ఇల్లు

నేల అంతస్తులో, బయటి గోడకి ఆనుకుని సింకు ఉంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. సింకు పైపుని గోడలోంచి బయటికి తెచ్చి గల్లీ ట్రాప్‌లో (ఇంటి బయట నేలలో, పైన జాలీతో, నీళ్ళు నిలిచి ఉండే ట్రాప్) వదలండి. పైపు చివర గాలికి తెరిచే ఉంటుంది, మురుగు వాసనని గల్లీలోని నీళ్ళు ఆపుతాయి. పైపు దారిలో లాగుడు వల్ల సింకు ట్రాప్‌లో నీళ్ళు కొంత తగ్గినా డ్రైనేజీ గ్యాస్ ఇంట్లోకి రాదు, ఎందుకంటే వెనక రెండో కాపలా ఉంది. వెంట్ లేకుండా తప్పుని ఇంతగా క్షమించే ఏర్పాటు ఇంకోటి లేదు.

చెడేది ఒక్కచోట. పైపు చివర జాలీ కింద, గల్లీలోని నీళ్ళకి పైన ఆగాలి. కొందరు చప్పుడు రాకూడదని దాన్ని నీళ్ళలో ముంచేస్తారు. అప్పుడు పైపు రెండు చివర్లా నీళ్ళతో మూసుకుంటుంది, మధ్యలో గాలి ఇరుక్కుంటుంది, సింకు ఆగి ఆగి ఖాళీ అవుతుంది. పైపు 50 మి.మీ. పెట్టండి, మీటరుకి 2 సెం.మీ. వాలు ఇవ్వండి. వాలు ఎక్కువైతే మంచిదనుకోవద్దు, నిటారు పైపు నీళ్ళని ఇంకా గట్టిగా లాగుతుంది.

పై అంతస్తుల్లో యుటిలిటీ ఏరియా నహానీ ట్రాప్ (నేలలో జాలీ కింద ఉండే ట్రాప్) ఇదే పని చేస్తుంది. పక్కల నుంచి పైపులు కలిసే మల్టీ ఇన్‌లెట్ రకమైతే సింకు పైపు నీటిమట్టానికి పైన కలుస్తుంది, గాలి జాలీలోంచి వస్తుంది. ఆ జాలీ మీద వాషింగ్ మెషీన్ స్టాండో చాపో కప్పేయకుండా చూసుకోండి. వాడని నహానీ ట్రాప్ ఎండాకాలంలో ఆవిరై ఖాళీ అవుతుంది. ఊరెళ్ళేముందు ఒక మగ్గు నీళ్ళు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే ఆవిరి నెమ్మదిస్తుంది.

అపార్ట్‌మెంట్ డక్ట్‌లో ఉన్న పైపు

ఫ్లాట్లలో చాలామందికి కావలసిన వెంట్ అప్పటికే ఉంది. డక్ట్‌లో దిగే 75 మి.మీ. వంటింటి పైపు సాధారణంగా డాబా దాకా వెళ్ళి పైన కౌల్‌తో, అంటే గాలి ఆడే టోపీతో, ముగుస్తుంది. మీ సింకు దానికి దగ్గర్లో ఉంటే అదే గాలి ఇస్తుంది, విడిగా ఏమీ వద్దు. దగ్గర అంటే ఎంత? ట్రాప్ నుంచి నిలువు పైపు దాకా 40 మి.మీ. పైపు అయితే 3 మీటర్లు, 50 మి.మీ. అయితే 4 మీటర్లు. ఇవి బ్రిటిష్ నిబంధనల్లో సింకుకి ఇచ్చిన హద్దులు, ఇక్కడ దొరికే పైపు సైజులకీ సరిపోతాయి. బేసిన్‌కి 32 మి.మీ. పైపు వాడితే 1.7 మీటర్లు దాటొద్దు. అంతకన్నా దూరముంటే పైపు సైజు పెంచండి, లేదా సింకునే ఆ గోడకి జరపండి. కట్టేటప్పుడు ఆ జరపడానికి ఖర్చు దాదాపు ఉండదు.

పని మొదలుపెట్టకముందు డాబా ఎక్కి చూడండి. కౌల్ విరిగిపోయి మూతి సిమెంటుతో మూసేసి ఉండొచ్చు, రేకుల షెడ్డు వేసినప్పుడు పైపు కోసి బిరడా పెట్టి ఉండొచ్చు. అలా ఉంటే మీ ఒక్కరికే కాదు, ఆ వరసలో అందరికీ ట్రాపులు ఖాళీ అవుతుంటాయి. ఆ మూత తీయించి దోమల జాలీతో కొత్త కౌల్ పెట్టించడం ఈ పోలిక మొత్తంలో అతి చవకైన పరిష్కారం. డాబా మీద జనం తిరుగుతారు కాబట్టి పైపు 2 మీటర్ల ఎత్తు ఉండాలి.

కింది అంతస్తుల్లో ఉన్నవారికి హెచ్చరిక. నిలువు పైపు అడుగు మలుపుకి మరీ దగ్గరగా కలిపితే తోపుడు మొదలవుతుంది. మూడు అంతస్తుల దాకా ఉన్న భవనంలో ఆ మలుపు నుంచి కనీసం 45 సెం.మీ., ఐదు దాకా అయితే 75 సెం.మీ. పైన కలపాలి. అంతకన్నా ఎత్తైన భవనంలో నేల అంతస్తు సింకుని నిలువు పైపుకి కలపకుండా నేరుగా ఛాంబర్‌కి వేరే పైపు వేయాలి. డక్ట్ పైపు అందరి ఆస్తి కాబట్టి కోసేముందు అసోసియేషన్‌కి చెప్పండి. కలిపేది తెరిచే మూత ఉన్న టీ లేదా వై (డోర్ టీ, డోర్ వై) అయితే రేపు జిడ్డు తీయడానికి చెయ్యి పెట్టే వీలుంటుంది.

గాలి వాల్వు: ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్

పై రెండు దారులూ, కింద చెప్పే బయటి గోడ దారీ కుదరనప్పుడు దీని వంతు. 1970ల్లో స్వీడన్‌లో పుట్టిన పరికరమిది. లోపల తేలికైన రబ్బరు పొర ఉంటుంది. పైపులో లాగుడు వస్తే పొర లేచి గదిలోని గాలిని లోపలికి వదులుతుంది, లాగుడు ఆగగానే తన బరువుతో మూసుకుంటుంది. విద్యుత్తు లేదు, స్ప్రింగ్ లేదు. స్ప్రింగ్‌తో పనిచేసే చవక రకం కూడా బజార్లో ఉంటుంది, అది కొనొద్దు. స్ప్రింగ్ తుప్పు పట్టి తెరిచో మూసో ఉండిపోతుంది.

కొనేటప్పుడు ముద్ర చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 12380 ఉంటే పక్కన ఒక అక్షరం, ఒక రోమన్ అంకె ఉంటాయి. ‘ఏ’ అంటే సింకు అంచు కన్నా కింద కూడా పెట్టొచ్చని, ‘బి’ అంటే పెట్టకూడదని. సింకు కింద అల్మరాలో బిగించేవారికి ‘ఏ’ తప్పనిసరి. రోమన్ అంకెలో ఒకటి అయితే సున్నాకి 20 డిగ్రీలు దిగువ నుంచి 60 డిగ్రీల దాకా, రెండు అయితే 0 నుంచి 60 దాకా పనిచేస్తుంది. మూడు 20 డిగ్రీలకే ఆగిపోతుంది, అది మన వాతావరణానికి కాదు. అమెరికా ప్రమాణమైతే ఒక సింకుకి లేదా ఒక శాఖకి పనికొచ్చేది ఏఎస్ఎస్ఈ 1051.

మరలు కూడా చూడాలి. అమెరికా వాల్వు మర, ఇక్కడి పైపు మర ఒకటి కావు. ఒకటిన్నర ఇంచీలో వాటికి ఇంచీకి 11.5 చుట్లు, మన దగ్గర 11. మొదటి రెండు చుట్లు తిరుగుతాయి, తర్వాత బలవంతం చేస్తే పగులుతుంది, చేయకపోతే గాలి కారుతుంది. వాల్వుతో వచ్చే అడాప్టర్‌నే వాడండి, లేదా పైపు మీద తొడిగే రబ్బరు అడుగు ఉన్న రకం తీసుకోండి.

బిగించే పద్ధతి ఇది:

1. ట్రాప్ తర్వాత పైపు అడ్డంగా వెళ్ళాలి. ట్రాప్ నుంచి కనీసం పైపు వ్యాసానికి రెండింతల దూరంలో, అంటే 40 మి.మీ. పైపుకి 8 సెం.మీ. తర్వాత, టీ వేసి ఒక కాలు నిటారుగా పైకి తీయండి. ట్రాప్‌కి మరీ ఆనించి వేస్తే ఆ కాలు జిడ్డుతో పూడుకుపోతుంది.

2. వాల్వు ఆ అడ్డ పైపు కన్నా కనీసం 10 సెం.మీ. పైన ఉండాలి. గ్రానైట్ కింద వీలైనంత ఎత్తు మంచిది, కానీ విప్పడానికి చెయ్యి పట్టాలి.

3. నిటారుగా నిలపండి. 15 డిగ్రీలకి మించి వాలితే పొర సరిగా కూర్చోదు.

4. మరకి టెఫ్లాన్ టేప్ చాలు. సొల్యూషన్ పూస్తే రేపు మార్చేటప్పుడు పైపు కోయాలి.

5. పైపుల లీకు పరీక్ష ముగిశాకే వాల్వు బిగించండి. పరీక్ష నీళ్ళు, సిమెంటు దుమ్ము రెండూ పొరని పాడుచేస్తాయి.

6. అల్మరా తలుపుకి జాలీ కోయించండి. గాలి రాని పెట్టెలో గాలి వాల్వు దండగ. టైల్స్ వెనక మూసేయడం ఇంకా తప్పు.

పనిచేస్తోందో లేదో అగరుబత్తితో తెలుస్తుంది. నిండు సింకు ప్లగ్ లాగినప్పుడు వాల్వు దగ్గర పొగ లోపలికి వంగాలి. నీళ్ళు ఆగాక పొగ నిటారుగా లేచిపోవాలి. అప్పుడూ వంగుతుంటే, లేదా వాల్వు దగ్గరే వాసన వస్తుంటే, పొర అతుక్కుంది. కొత్తది వేయడమే మార్గం. పోపు జిడ్డు, నూనె ఆవిరి ఎక్కువున్న వంటింట్లో ఏడాదికోసారి ఈ పరీక్ష పెట్టుకోవాలి.

ఇది చేయలేనివి రెండు. తోపుడుని ఆపలేదు. ఇల్లు మొత్తానికి ఏకైక వెంట్‌గా ఉండలేదు. సెప్టిక్ ట్యాంకులో పుట్టే మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎటో ఒకవైపు బయటికి పోవాల్సిందే. దానికి కనీసం 50 మి.మీ. పైపు ఆకాశానికి తెరిచి ఉండాలి. సింకుకి వాల్వు పెట్టామని చెప్పి ఆ పైపు కూడా మూసేయడం ప్రాణాంతకం.

బయటి గోడ మీదుగా పైకి

విడి ఇళ్ళలో, సింకు బయటి గోడ పక్కన ఉండి గల్లీ ట్రాప్ లేకపోతే, వాల్వు కన్నా ఇదే మేలు. కదిలే భాగం లేదు, లాగుడుకీ తోపుడుకీ రెంటికీ పనికొస్తుంది, స్లాబుకి చిల్లు లేదు. సింకు పైపు నుంచి వెంట్ కాలు నిటారుగా తీసి, సింకు అంచుకి 15 సెం.మీ. పైకి వెళ్ళాకే గోడలోంచి బయటికి మలపండి. కిందే మలిపితే ఎప్పుడైనా సింకు పైపు మూసుకున్నప్పుడు మురికి నీళ్ళు వెంట్‌లోకి ఎక్కి అక్కడే గడ్డకడతాయి. బయట 50 మి.మీ. పైపుని క్లాంపులతో పిట్టగోడ దాటించండి. మురుగుకీ వాన నీళ్ళకీ వాడే ఎస్‌డబ్ల్యూఆర్ రకం ప్లాస్టిక్ పైపుల్లో టైప్ ఏ గాలికీ వాన నీళ్ళకీ, టైప్ బి మురుగుకీ ఉద్దేశించినవి కాబట్టి ఇక్కడ టైప్ ఏ చాలు. ఎండకి పెళుసెక్కకుండా రంగు వేయించండి. మధ్యలో ఆపేద్దామనుకుంటే కిటికీకి 3 మీటర్ల దూరమైనా ఉండాలి, లేదా కిటికీ పైఅంచుకి సుమారు మీటరు పైనైనా ముగియాలి. పక్కింటివారి కిటికీ కూడా కిటికీయే.

మిగిలినవి

పైపు లావు చేయడం: బాటిల్ ట్రాప్ కిందే ఎల్బో పెట్టి 40 మి.మీ. పైపు నిటారుగా నేలలోకి దింపేయడం మన దగ్గర మామూలు. ట్రాప్ ఖాళీ అవడానికి అంతకన్నా తేలిక దారి లేదు. ఆ దిగే భాగాన్ని 75 మి.మీ. చేస్తే నీళ్ళు పైపుని నింపలేవు, గాలికి చోటు మిగులుతుంది. ఇతరత్రా మార్పు వీలుకాని చోట ఇది సాయపడుతుంది, కానీ పరీక్ష చేశాకే నమ్మండి.

గాలి చిల్లున్న యాంటీ సైఫన్ బాటిల్ ట్రాప్ వాష్ బేసిన్‌కి సరిపోతుంది. వంటింటి సింకుకి వద్దు, మెతుకులు చిక్కుకుంటాయి. నీళ్ళకి బదులు మెత్తటి పొరతో మూసుకునే ట్రాప్, బ్రిటన్‌లో హెప్‌వో పేరుతో అమ్మేది, ఎండిపోయే సమస్య లేనిది. ఎప్పుడో ఒకసారి వాడే గెస్ట్ రూమ్ బేసిన్‌కి బాగుంటుంది.

వంటింటి మధ్యలో ఐలాండ్ సింకుకి లూప్ వెంట్ అనే పద్ధతి ఉంది. పైపు కౌంటర్ కింద వంపు తిరిగి మళ్ళీ నేలలోకి దిగి గోడ దాకా వెళ్ళి పైకి ఎక్కుతుంది. చివరికి ఎక్కడో ఒక వెంట్‌కి కలవాల్సిందే. కాంక్రీటు స్లాబులో దీనికి చోటు తవ్వడం కన్నా వాల్వు నయం.

వాన నీళ్ళ పైపుకి సింకుని కలపడం, ట్రాప్ తీసేసి నేరుగా పైపు తగిలించడం, వెంట్‌ని ఫాల్స్ సీలింగ్‌లో వదిలేయడం: ఈ మూడూ ఎవరు సలహా ఇచ్చినా ఒప్పుకోవద్దు.

అమెరికాలో ఇల్లున్నవారికి

అక్కడ గల్లీ ట్రాప్ దారి లేదు, ప్రశ్న ఎక్కువగా వాల్వా, రూఫ్ వెంటా అన్నదే. జవాబు మీ ఊరు ఏ కోడ్ పాటిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్ వాల్వుని ఒప్పుకుంటుంది, అయితే ఇంటికి కనీసం ఒక వెంట్ బయటి గాలికి తెరిచి ఉండాలంటుంది. యూనిఫారం ప్లంబింగ్ కోడ్ పాటించే చోట స్థానిక అధికారి అనుమతి కావాలి. కాలిఫోర్నియా కోడ్ దీని ఆధారంగానే ఉంది. టెక్సస్‌లో రెండు కోడ్‌లకీ గుర్తింపు ఉంది కాబట్టి సిటీ ఆఫీసులో అడగాలి. ట్రాప్ నుంచి వెంట్‌కి దూరంలోనూ తేడా ఉంది. ఒకటిన్నర ఇంచీ పైపుకి మొదటి కోడ్‌లో 6 అడుగులు, రెండోదానిలో మూడున్నర అడుగులు. రెండించీలకి 8, 5 అడుగులు. పర్మిట్ లేకుండా వేసిన వాల్వు ఇల్లు అమ్మేటప్పుడు ఇన్‌స్పెక్షన్‌లో బయటపడుతుంది.

గోడ మూయకముందు

ఏ దారి ఎంచుకున్నా టైల్స్ అతికించకముందే కొలగ్లాసు పరీక్ష మళ్ళీ చేయించండి. మెల్లగా పోసిన కొలత, ప్లగ్ లాగిన కొలత పక్కపక్కన రాసుకోండి. ఇంకా సగానికి తగ్గుతుంటే వాల్వునో కౌల్‌నో అనుమానించకముందు స్పిరిట్ లెవెల్ పెట్టి అడ్డ పైపు వాలు చూడండి. మీటరుకి 2 సెం.మీ. ఉండాల్సింది 6, 7 సెం.మీ. ఉంటే అక్కడ పైపు దింపి మళ్ళీ వేయించాలి.